చాప మీద చోటు

గల్ఫ్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న పట్నం. పిల్లాపీచూ ఉన్నవాళ్లు సాయంత్రం పూట వచ్చి కూర్చునే నిమ్మళమైన బీచి. ఇబ్రహీంపట్నం నుంచి కొడుకు హరీశ్ దగ్గరికి నెలరోజుల వీసా మీద వచ్చిన జలపతి, భూదేవి చాప చంకన పెట్టుకుని ఇసుకలో నిలబడ్డారు. కొడుకు కారు పెట్టడానికి పోయాడు, కోడలు పిల్లను నీళ్ల దగ్గరికి తీసుకుపోయింది. భూదేవికి ఈ చోటు తెగ నచ్చింది. జలపతికి మాత్రం ఎంత తొందరగా బయటపడదామా అని ఉంది.

"గాడ వద్దన్న గదనే. గా గొడుగు కింద సాపెయ్యకు."

"ఎందుకు? మంచిగ నీడున్నది గదా."

"జరసేపైతె నీడ అటుదిక్కు పోతది, ఎండ మొకంల కొడుతది. గీ గోడపొంటి రా. ఇంకింత పైకి. పొద్దూకెటాల్లకు నీళ్ళు గా గొడుగుదాంక అస్తయి."

"నీకెట్ల ఎరుక?"

"సముద్రమన్నంక నీళ్ళు రావా?"

"పద్నాలుగేండ్లు గీ దేశంలనే ఉండి సముద్రం కండ్ల జూడలేదంటివి. ఏసీ ఆఫీసుల కూసుంటె పొద్దెప్పుడు గూకిందో సుత తెల్వదంటివి."

"టీవీల జూడమా ఏంది? కూసో. ఈ పోరడు గూడ, గిన్ని బీచులుండంగ గీడికే తోల్కచ్చె."

"ఫ్యామిలీలే అస్తరు, లొల్లి ఉండదని కోడలు చెప్పింది. మంచిగనే ఉన్నది. గీ గిన్నె కడుక్కస్త. నల్లా ఏడుంటదో ఎవలనన్న అడుగు."

"అడుగుడెందుకు, గా ఊయల ఎనుక. ఎడమదిక్కుది తిప్పు. కుడిదిక్కుది ఎప్పుడు ఖరాబే."

"ఖరాబైందని బోర్డు వెట్టిన్రా?"

"ఆఁ... ఉన్నది, బోర్డున్నది."

"నువ్వు అరబ్బీ సదువుతవా?"

"తిక్క ముచ్చట్లు. పోయిరా పో భూదేవీ."

ఆమె అటు పోయిందో లేదో, ఇటునుంచి చీపురు భుజాన వేసుకుని ఒకతను వచ్చాడు.

"జలపతన్నా! అరె, జలపతన్నవే గదా! నేనే, హన్మండ్లును. సిరిసిల్ల హన్మండ్లును!"

"మెల్లగ."

"గట్ల జూస్తవేందే? నా అంగి మారలె, ఎంటికలే తెల్లవడ్డయి. ఎనిమిదేండ్లాయె నువ్వు పోయి. నేను పోలేదన్నా. సిరిసిల్లల నేత సాంచలు నడుస్తలేవు, పోయి ఏం నేస్త? గీన్నే ఉన్న."

"మెల్లగ మాట్లాడు."

"ఏంది మెల్లగ? చేతుల సీపిరి లేకుంటె గీ గేటుల అడుగు వెట్టనియ్యకపోదురు మనల. ఫ్యామిలీలకే అందురు. యాదున్నదా, 'ఒక్కపారన్న గీడ సాపేసుకొని కూసోవాలెరా హన్మండ్లూ' అంటుంటివి. కూసున్నవ్! నేనే కూసున్నంత సంబురమైతుందన్నా నాకు!"

"హన్మండ్లూ, నీ కాళ్ళు మొక్కుత. గా నల్లాకాడ మా ఇంటామె ఉన్నది."

"వదినె అచ్చిందా! ఓ వది..."

"పిల్వకు! నేను ఆఫీసుల చేసిన్నని చెప్పుకున్న ఇంట్ల. గదే నమ్మి వియ్యపోళ్ళు పిల్లనిచ్చిన్రు. ఇప్పుడు నువ్వు నోరు దెరిస్తె నా ఇజ్జత్ పోతది."

"ఊడ్సుడు ఇజ్జత్ తక్కువ పనానే?"

"నేను గట్లనలె."

"గట్లనే అన్నవ్. మంచిదన్నా. నన్నెరుగనని చెప్పు. నేను సుత నిన్నెరుగ."

"ఎవలీయినె? గిన్నె కడుగుతుంటె తెలుగు ఇనవడ్తె అచ్చిన. ఓ అన్నా, మీరు మనదిక్కోళ్ళేనా? ఇంటికాడికెళ్ళి తెచ్చిన సకినాలున్నయి, రెండు తినుండ్రి."

"వద్దమ్మా. డ్యూటీ మీదున్న."

"డ్యూటీ ఎటువోతది, కూసోండ్రి."

"వద్దన్నడు గదా భూదేవీ, పోనియ్యి."

"బాపూ, కారుకు జాగ దొరికెటాల్లకు పానం పోయింది. ఎవలీయినె, నీకెరుకా?"

"నాకెట్ల ఎరుకుంటడురా హరీశ్. చెత్త ఏరెటోడు. ఖాళీ సీసలున్నయా అని అడుగుతుండు."

"ఔ సార్. ఖాళీ సీసలే. మాఫ్ చెయ్యిండ్రి సార్, పోతున్న."

"సరే బాపూ, పిల్ల నీళ్ళల్లకు ఉరుకుతున్నట్టుంది. నేను అటు పోతున్న."

"పో బిడ్డా. పైలం."

"పేరేంది ఆయినెది?"

"నాకేమెరుక."

"చెత్త ఏరెటోడని నువ్వన్నప్పుడు ఆయినె మొకం జూసినవా?"

"జూడలె."

"నేను జూసిన."

"సాలు తియ్యి భూదేవీ."

"పొద్దుగాలటిసంది తినలేదేమో. సకినం చేతిల వెడ్తె సుత పట్టకపాయె."

"సాలు తియ్యన్న గదా!"

"నీ కండ్లల్ల నీళ్ళేంది మరి?"

"ఉప్పుగాలి."

"ఉప్పుగాలా."

"...ఆఁ."

"సరే తియ్యి. సకినం తిను."

"నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"హన్మండ్లు. వాని పేరు హన్మండ్లు. నాకు ఎండదెబ్బ తాకి పదిరోజులు మేముండే క్యాంపుల వడ్డ. గీ ఊయలకాడికెళ్ళి గా రాళ్ళదాంక నా జాగ, ఆడికెళ్ళి వానిది. పదిరోజులు రెండు జాగలు వాడే ఊడ్సిండు. లేకుంటె నన్ను వాపస్ పంపుదురు. సూపర్‌వైజర్ అడిగితె, జలపతి గీన్నే ఉన్నడు, గిప్పుడే నల్లాకాడికి వొయిండు అని చెప్పేటోడట. నాకోసం గంత అబద్ధమాడినోణ్ణి, వాని ముంగట్నే ఎరుగనంటి."

"ఊఁ."

"సిగ్గయితున్నదే. ఇన్నేండ్లు సీపిరి వట్టినందుకు సిగ్గువడ్డ. ఇయ్యాల గా మాటన్నందుకు మొకమెత్తబుద్ధయితలేదు."

"లే మరి. ఆయినె గా రాళ్ళు దాటకముందే పిల్సుకరా. సాప మీద ఇంకొకలకు జాగున్నది."

"ఫ్యామిలీ గాదని గార్డు లేపుతడు."

"మా మరిది అని చెప్త నేను. గార్డుకు నేను చెప్త, నువ్వు లే."

"హరీశ్‌కు? కోడలికి ఏమని చెప్పాలె?"

"గిప్పుడు నాకు చెప్పిందే చెప్పు."

"నీకు కోపం రాదా? గిన్నేండ్లు నీతోని అబద్ధమాడిన గదనే. ఆఫీసని నమ్మి వాడకట్టంత చెప్పుకుంటివి."

"చెప్పుకున్న. నమ్మి గాదు, నీ లెక్కనే సిగ్గువడి చెప్పుకున్న. నువ్వు మొదటి సుట్టీకచ్చినప్పుడు పెట్టెల బట్టలు ఉతికింది నేనే గదా. ఆఫీసుల కూసున్నోని ప్యాంటు మడతలల్లకెళ్ళి పిడికెడు ఇసుక ఎల్లింది. అప్పటిసంది నువ్వచ్చినప్పుడల్ల, ఇంట్ల ఎవలు లేవకముందే పెరట్ల దులిపేటిదాన్ని."