పాలు మాన్పించిన అయిదో రోజు

పలాసలోని జీడి ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల వేళ. ఒకామె కారియర్ మూత తీయకుండానే మందసలో ఉన్న తల్లికి ఫోన్ చేసింది. రెండున్నరేళ్ల కూతురి చేత పాలు మాన్పించడానికి, పాపను అక్కడ వదిలి వచ్చి అయిదు రోజులయింది.

“అమ్మా, లోహిత ఏటి సేత్తంది?”

“అన్నం తినేసి తొంగుందే. పప్పూ నెయ్యీ కలిపి పెడితే గిన్నెడూ తినేసింది.”

“తొంగున్నప్పుడు ఏడ్సిందా?”

“మొన్నటిదాకా ఏడ్సింది. నిన్నట్నించి నేదు. నా కొంగు పట్టుకుని తొంగుంటంది.”

“పాలు కావాలని అడగనేదా?”

“అడగనేదు.”

“ఒక్కసారి కూడానా?”

“పన్లోకి ఎల్తన్నాను, ఎలాగైనా మానిపించమ్మా అని నువ్వే కదే అన్నావు. మానేసింది. సంతోసించు.”

“సంతోసమేనమ్మా.”

“నీకెలాగుంది? నొప్పి తగ్గిందా?”

“తగ్గింది. ఇందాక గేటు కాడ ఎవరి పిల్లో ఏడ్సింది. నా జాకెట్టు తడిసిపోనాది. పైట నిండా కప్పుకుని కూకున్నాను.”

“అయ్యో తల్లీ. ఇంకో నాలుగు రోజులు ఓర్సుకో, పాలు అయ్యే ఇంకిపోతాయి.”

“ఆదివారం వత్తానమ్మా.”

“వద్దే. నిన్ను సూత్తే మళ్లీ అడుగుతాది. నువ్వు ఆగనేవు, ఇచ్చేత్తావు.”

“ఇవ్వను. ఒట్టు.”

“ఇవ్వకపోతే మరెందుకే రావడం, దాన్ని ఏడిపించడానికా?”

“ఒక్కసారి అడిగితే ఇనాలనుందమ్మా.”



“తొలి బస్సుకే వచ్చీ,” అంది తల్లి.