శనివారానికి చేరిన బండి

టర్బో నోరు తెరిచాడంటే టీకొట్టాయన ముందు స్టవ్ మంట తగ్గిస్తాడు. వింటూ వింటూ పాలు పొంగబెట్టుకున్న రోజులు ఆయనకి చాలానే ఉన్నాయి. వీధి చివర బండ్ల షెడ్డు టర్బోదే. ఏ బండి తెచ్చినా "దీనికి కాస్త టర్బో తగిలిద్దామా?" అని అడుగుతాడు కాబట్టి జనం ఆయన్నే అలా పిలవడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని బిరుదులా మోస్తున్నాడు.

ఆ పొద్దున పదకొండు గంటలకి టీకొట్టు బల్ల ఈ చివర బేకరీ ఆయన కూర్చున్నాడు. జేబులో చెయ్యి పెట్టుకుని తన బండి రెండో తాళంచెవిని నలుపుతున్నాడు. గుట్టలూ రాళ్ళూ ఎక్కడానికి పనికొచ్చే చిన్న నాలుగు చక్రాల బండి అది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే ఎత్తి పక్కన పెట్టేయొచ్చు, అంత తేలిక. ఆయన పొయ్యి దగ్గర నుంచి కదలలేడు కాబట్టి రోజూ పొద్దున్నే బ్రెడ్డు ట్రేలు వేసుకుని గుట్ట మీది క్వారీకి ఆయన భార్యే నడుపుకుంటూ వెళ్తుంది. ఆఖరి ఎత్తు దగ్గర ఇంజన్ ఆయాసపడిపోతుంది. ఆమె దిగి, భుజం ఆనించి తోస్తుంది. పోయిన వారం పొయ్యి వెలిగించని రోజు ఆమె వెంట వెళ్ళి ఆయన అది కళ్ళారా చూశాడు. అప్పటి నుంచి ఆయనకి ముద్ద దిగడం లేదు. పెద్ద ఇంజన్ పెట్టిద్దామంటే ఆమె ఒప్పుకోదు. అందుకని ఆమెకి తెలియకుండా, మధ్యాహ్నం ఆమె కాస్త నడుం వాల్చినప్పుడు బండిని షెడ్డుకి దాటించాలని టర్బోతో మాట్లాడుకున్నాడు.

"తెచ్చావా బావా?" అని టర్బో చెయ్యి చాపాడు. తాళంచెవి చేతులు మారింది. టర్బో దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైన రెండు సార్లు తట్టాడు.

"నీకేం భయం లేదు బావా. తేలిక బండికి పవర్ పెంచడమంటే అందరూ చేసే పని కాదు. సేఫ్టీ ముఖ్యం. నా సొంత బండి సంగతి చెప్తా విను, నీదానికి అన్న వరస అది. మొదట నేను చేసిందేమీ లేదు, ఎయిర్ ఫిల్టర్ దులిపి, కార్బురేటర్ కడిగి, ప్లగ్గు మార్చా, అంతే. గుట్ట దిగువన ఆగిపోయేది కాస్తా సగం దాకా ఎక్కింది."

"అది నిజమే అయ్యుంటుంది," అన్నాడు టైలరు. ఎదురు కొట్లోంచి కాజాలు కుట్టే చొక్కా ఒకటి పట్టుకుని మరీ వచ్చాడాయన.

"ఉంటుందేంటి, నిజమే! సరే, సగంలో ఆగితే నా పరువేం కావాలి? పెద్ద మోటారుసైకిల్ ఇంజన్ ఒకటి తెచ్చి బిగించా. గుట్ట ఎక్కేసింది. ఎక్కేసి దిగనంది. దింపడానికి ఇంకాస్త బలం కావాలేమో అని కారు ఇంజన్ పెట్టా. కారు ఇంజన్ పెట్టానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు చక్రాలు గాల్లోకి లేచాయి! బండి తేలిక కదా, వెనక రెండు చక్రాల మీద నిలబడిపోయింది, గుర్రం లేచినట్టు. నేనేం కంగారు పడలేదు. సేఫ్టీ తెలిసినవాణ్ణి కదా, ముందు వైపు సిమెంటు బస్తా కట్టా. చాల్లేదు. రెండు కట్టా. చాల్లేదు. ఇంట్లోకి వెళ్ళి మా అత్తగారిని తీసుకొచ్చి బానెట్ మీద కూర్చోబెట్టా. చక్రాలు ఠక్కున నేలకి ఆనాయి!"

"ఆవిడ ఊరుకుందా?" టీకొట్టాయన అడిగాడు.

"ఊరుకోకేం! ఇన్నాళ్ళకి అల్లుడు ముందు సీటు ఇచ్చాడని మురిసిపోయింది."

అందరూ నవ్వారు. బేకరీ ఆయనా నవ్వాడు గానీ, ముందు చక్రాలు లేవడం అన్న మాట ఆయన్ని వదల్లేదు. తన అత్తగారు పోయి చాలా కాలమైంది. బ్రెడ్డు ట్రేలేమో బరువుండవు.

"బావా, మరి బ్రేకులు?" అన్నాడు మెల్లగా.

"బ్రేకులా?" టర్బో చుట్టూ చూశాడు, ఈ అమాయకుణ్ణి చూశారా అన్నట్టు. "బ్రేకులు చేతకానివాడికి బావా! ఇంజన్ మన మాట వినేట్టు బిగించానంటే, 'చాల్లే' అంటే ఆగుతుంది. బ్రేకులున్నా అవి ఊరికే బరువు. సరే విను, కథ మధ్యలో పంటి కింద రాయిలా అడ్డం రాకు. మనం అక్కడితో ఆగుతామా? లారీ ఇంజన్ దింపించా. ఆరుగురు మోశారు. మామూలుగా బిగించాననుకుంటున్నారేమో, బోల్టు మీద బోల్టు, దాని మీద ఇంకో బోల్టు! నా నెత్తి మీద హెల్మెట్లు నాలుగు, ఒకదాని మీద ఒకటి. సేఫ్టీ! కూర్చున్నా. తాళం తిప్పా. బండి కదల్లేదు."

"హమ్మయ్య," అన్నాడు టైలరు.

"కదల్లేదంటే, బండి కదల్లేదయ్యా! కింద నేల వెనక్కి జరిగిపోయింది! ఆ చక్రాల పట్టు అలాంటిది మరి. చూస్తే పక్కింటి గుమ్మం మా వాకిట్లోకి వచ్చేసింది. వాళ్ళావిడ బట్టలు ఆరేయడానికని బయటికొచ్చి, మా దండెం మీద ఆరేసి లోపలికి పోయింది."

"ఆ గుమ్మం తిరిగెలా పంపారు?"

"రివర్సు గేరు లేదా ఏంటి! పెట్టాల్సిన చోట పెట్టేశా, అంగుళం తేడా లేదు, కావాలంటే వెళ్ళి కొలుచుకో, టేపు నీ మెడలోనే ఉందిగా."

టైలరు మెడలో టేపు తడుముకుని, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాడు. టర్బో రెండో టీ అందుకుని ఒక్క గుటకలో మింగేశాడు. గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. ఎంత ఎక్కిందంటే, మలుపు దగ్గర చిన్న బండి ఒకటి వచ్చి ఆగిన చప్పుడు కూడా ఎవరి చెవినా పడలేదు. బేకరీ ఆయన భార్య ఖాళీ ట్రేలు చంకన పెట్టుకుని వచ్చి, కొట్టు పక్క గోడనానుకుని నిలబడింది. మొగుడు ఆమెని చూసి లేవబోయాడు. ఆమె చూపుతోనే కూర్చోమంది.

"ఆదివారం పొద్దున గుట్టకి గురిపెట్టి వదిలా. మలుపులో హారన్ కొట్టా. పైకి చేరి, దిగి, ఒళ్ళు విరుచుకుని, మొహం కడుక్కున్నాక వినపడింది నా హారన్! నా నీడ సంగతైతే అడక్కండి, అది దారి తప్పి సాయంత్రానికి ఇల్లు చేరింది, రొప్పుతూ. అదొక్కటేనా? పైన క్వారీ ఆఫీసులో క్యాలెండర్ చూస్తే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? శనివారం!"

"ఏంటి శనివారం?"

"నేను బయల్దేరింది ఆదివారం, చేరింది శనివారం! అంత స్పీడు! కింద షెడ్డులోకి తొంగి చూస్తే నేనే ఇంకా కూర్చుని బోల్టులు బిగించుకుంటున్నా. ఒరేయ్, ఎడమ పక్కది ఇంకాస్త బిగించరా అని నాకు నేనే చెప్పుకుని వచ్చా. అందుకే చెప్తున్నా బావా, నా చేతి బండికి ప్రమాదం ఎలా జరుగుతుంది? జరిగేలోపు ముందు రోజుకి వెళ్ళి సరిచేసి వచ్చేస్తాను కదా!"

టీకొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అప్పుడు గోడ దగ్గర నుంచి బేకరీ ఆయన భార్య ముందుకొచ్చింది.

"అయితే అన్నయ్యా, మొన్న మంగళవారానికి ఒక్కసారి వెళ్ళి రండి."

టర్బో ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నాడు. "రా చెల్లెమ్మా, రా! మంగళవారం ఏముంది?"

"పొద్దున ఎనిమిదిన్నరకి క్వారీ వాచ్‌మన్ బండి రెండో మలుపు దిగుతూ ఉంటుంది. దానికి పెద్ద ఇంజన్ పెట్టింది మీరే కదా, బ్రేకులు మాత్రం పాతవే వదిలేశారు. పాపం తొక్కుతూనే ఉన్నాడట, అది ఆగలేదట. ఒక్క నిమిషం ముందు వెళ్ళి, అక్కడ నిలబడి 'చాల్లే' అనండి. మీ మాట వింటుందిగా."

టీకొట్టాయన గరిటె దించి స్టవ్ ఆపేశాడు.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు టైలరు.

"మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఇప్పుడే బ్రెడ్డు ఇచ్చి వస్తున్నా. మంచం మీద నుంచి మీకు మూడు సార్లు ఫోన్ చేశాడట అన్నయ్యా. మీరు ఎత్తలేదట."

టర్బో దారి బాగాలేదని ఒకసారి, వాచ్‌మన్‌కి నడపడం రాదని ఒకసారి మొదలుపెట్టి, రెండూ సగంలోనే వదిలేశాడు. బేకరీ ఆయనకి అప్పుడు అర్థమైంది. మంగళవారం నాటి సంగతి గురువారం దాకా కడుపులో దాచుకుని, ఈ మనిషి తన దగ్గర తాళంచెవి తీసుకున్నాడు. లేచి టర్బో చొక్కా జేబులో తనే చెయ్యి పెట్టి ఆ తాళంచెవి తీసేసుకున్నాడు.

ఆమె దాన్ని గుర్తుపట్టింది. మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. "ఎవర్ని అడిగి ఇచ్చారు?"

"నువ్వలా భుజం పెట్టి తోస్తుంటే చూడలేకపోయానే," అన్నాడు.

"తోస్తే భుజం నొప్పి పుడుతుంది, సాయంత్రానికి పోతుంది. తోయడానికైనా నేను ఉండాలిగా." కసిరినట్టే అంది గానీ, ట్రేలు ఆయన చేతికిచ్చేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఉంచింది. "ఇంజన్ ఏమీ వద్దు. వెనక చెయిన్ చక్రం మార్పిస్తే చాలని క్వారీ ఫిట్టరు చెప్పాడు. పళ్ళు ఎక్కువున్నది వేస్తే మెల్లగా అయినా ఎక్కేస్తుందట. అంతకంటే ముందు బ్రేకులు కొత్తవి వేయించుకోమన్నాడు. నిన్ననే వేయించేశా."

తర్వాత టర్బో వైపు తిరిగింది. "లేవండి అన్నయ్యా. వాచ్‌మన్ దగ్గరికి తీసుకెళ్తా. ఫోన్‌లో చెప్పలేనిది ఎదురుగా చెప్పుకుందురు గాని."

కొట్టు మొత్తం ఆయన వైపే చూస్తోంది. కాదనే దారి లేదు. టర్బో తలొంచుకుని ఆమె వెనకే మలుపు దాకా నడిచాడు, బండి ఎక్కడానికి కాలెత్తాడు. అంతలో ఆగిపోయి, వంగి చక్రం లోపలికి తొంగి చూశాడు.

"చెల్లెమ్మా," అన్నాడు, ఆ పొద్దుటి నుంచి ఎవరూ విననంత చిన్న గొంతుతో. "ఆ బ్రేకులు... బాగా పట్టుకుంటున్నాయా?"