నలభై మార్కులకు ఒక రోజు

హలో… ఆ, నేనే. టక్ టక్‌మని వినపడేది కత్తెర, ఇంకేమీ కాదు. రోజాల షెడ్డులో ఉండాను… లేదు లేదు, మాట్లాడచ్చు. ఫోను తలగుడ్డలో దోపుకొని ఉండాను. చేతులు రెండూ పువ్వుల మీదే ఉండాయి, చెవి ఒకటి నీది. చెప్పు, సింధూ.

తిన్నావా? … మీ అత్త ఏం చేసింది? … పుట్టమ్మ చేతి సంగటి కృష్ణగిరికి కాపురం మారినా మారలేదా. సరి.

పరీక్ష రేపు పదికి కదా… తొమ్మిదికే లోపలికి పోవాలా. హాల్ టికెట్టు ఇప్పుడే సంచిలో పెట్టుకో. పెన్నులు రెండు… మూడా. సరి.

గోపీనాథ్ సారా? ఈడనే ఉండాడు, కోల్డ్ రూము వాకిట్లో. తళి నుంచి హోసూరుకు పోయే బండి కోసం చూస్తా ఉండాడు. పొద్దున నీ సంగతే అడిగినాడు… ఏమనా? "మీ పాపకు కాలేజీ సీటు రాకపోతే సోమవారం నుంచి పువ్వుల గ్రేడింగుకు పంపించమ్మా, ఏప్రాన్ తీసి పెట్టినాను" అన్నాడు. మంచి మనిషే. నీ కొలతకే తీసినాడు.

… దాన్ని ఇప్పుడు వదిలేయి. వ్యాసం చదివి వినిపిస్తానని కదా ఫోను చేసింది. నూటికి నలభై దానికే అంటివి. చదువు. నేను ఏడో తరగతి దాకా పోయినదాన్నే, తెలుగు తెలుస్తుంది.

ఏమి రాయమంటారంట? … 'నేను మరువలేని రోజు'. యేటేటా అదేనా? … మాట మార్చి అదే. సరి. మొదలు పెట్టు.

… … …

బాగుంది. ఆ పద్యం యాడ దొరికింది? … మీ ట్యూషన్ సుబ్రమణి సారు ఇచ్చినాడా. అందరికీ అదే పద్యమా? … నలభై రెండు మందికీ. పరవాలేదు. దిద్దే ఆయనకు నోటికి వచ్చేస్తుంది.

చదువు. …

ఉండు. ఆ మాట మళ్లా చెప్పు.

'ఆనాటి వేకువన నా కన్నతల్లి, చమురు లేని దీపమువలె కొడిగట్టి, శాశ్వతముగా కన్ను మూసెను.'

కన్నతల్లి అంటే నేనే కదా?

… లేదు, ఊరికే అడిగినాను. ఎన్నో పేరాలో? … మూడో పేరాలో. ఏం జబ్బు? … రాయలేదా. జబ్బు రాయి పాపా. రెండో పేరా దాకా దోసె పోస్తా ఉన్నది, మూడో పేరాలో ఎట్ల పోయిందని అడగడా దిద్దే ఆయన?

కోపమా? లేదు. చేతిలో ముండ్ల కాడ ఉండాది. కోపం వస్తే నాకే గుచ్చుకుంటుంది. నువ్వు చెప్పు, ఏంటికి చంపినావు?

… సారు లెక్కనా అది. మూడో పేరాలో కన్నీళ్లు, ఐదో పేరాలో పట్టుదల, కడపటి పేరాలో దేశం. … పోయినేడు ముప్పై ఎనిమిది మార్కులు వచ్చిన పిల్ల అట్లనే రాసిందా. పాపం, ఆ పిల్ల అమ్మ నిజంగానే పోయిందా? … ఎవురికీ తెలీదు. సరి. జెరాక్సు మాత్రం అందరికీ ఇచ్చినాడు.

అయితే రేపు ఆ హాల్లో మీ నలభై రెండు మందికీ అమ్మలు ఉండరు. … ముగ్గురికి నాయన. … ఒకనికి ఆవు. ఎవుడు వాడు? … ఉద్దనపల్లి చంద్రునా. వాడు బాగుపడతాడు.

అముదా, నగద్దు… నీతో కాదు సింధూ, పక్కన అముదతో అంటా ఉండాను. నేను చచ్చిపోయినానని చెప్తే పూలు కింద పడేసి నగుతా ఉండాది.

సరే, నేను పోయినాను. తర్వాత? చదువు.

… …

'అంతట నా తండ్రి నన్ను భుజముపై కూర్చుండబెట్టుకొని, ఇకపై నీకు తల్లినీ నేనే, తండ్రినీ నేనే అని గద్గద స్వరముతో పలికెను.'

…

మీ నాయన బతికి ఉండాడా దాంట్లో?

… లేదు, నేనేమీ ఆగలేదు. కట్ట అయిపోయింది, అంతే. ఇరవై పువ్వులకు ఒక కట్ట కదా. ఇంకొకటి తీసుకుంటా ఉండాను.

ఉండే నన్ను పంపించి, పోయిన ఆయనను పిలుచుకొని వచ్చినావు. ఇదీ సారు లెక్కేనా?

… కాదు.

మార్కుల కోసమేనా?

… అదీ కాదు.

ఉండనీలే. రెండు పేజీలే కదా. రెండు పేజీలు ఆయన ఉంటాడంటే నేను పక్కకు జరుగుతాను. నాకేమి.

కానీ ఒకటి చెప్తాను. ఆ మాట మీ నాయన అనడు. … 'తల్లినీ నేనే, తండ్రినీ నేనే' అనేది. అంత పొడుగు మాట ఆయన నోట రాదు. గొర్లు కాసేటోళ్లు గొర్లతో అన్నా మాట్లాడతారు. ఆయన వాటితోనూ మాట్లాడడు. "ఊ" అంటాడు. చానా సంతోషమయితే ఇంకొక "ఊ". గద్గద స్వరం మన ఇంట్లో యాడుండాది?

ఇంకొకటి కూడా. నీ పేరాలన్నీ ఒకటే పొడుగు ఉండాయి. … వింటా ఉంటే తెలీదా? పదకొండేండ్లుగా నేను చేసే పని అదే కదా. తలలన్నీ ఒక వరసకు పెట్టి, కిందంతా ఒక్క కోత కోసి, అట్ట చుట్టేది. మెడ వంగిన పువ్వు ఉంటే తీసి పారేసేది. బెంగళూరులో కొనేటోళ్లకు అట్లనే కావాలి. నీ వ్యాసమూ నేను కట్టినట్లే ఉండాది. దాన్ని నేను బాగుండాదని ఎట్ల చెప్తాను?

వంగినది ఏదన్నా తీసి పారేసినావా? రాసి, మళ్లా కొట్టేసినది?

… ఉండాది. చదువు. … ఏంటికి చదవవు?

… ఆ రోజా. మంచు రోజు.

నిజంగా మరవలేనిదంటే అదే కదా నీకైనా, నాకైనా. అదే రాయాల్సింది. రాస్తే ఏమి? …

ఏమంటివి?

… అముదా, ఈ కట్ట నువ్వు చూడమ్మా. … సింధూ, ఉండు, బయటికి వస్తా ఉండాను. … ఆ. ఇప్పుడు చెప్పు. కత్తెర లేదు, ఎవురూ లేరు. మెల్లగా చెప్పు.

'నేను తప్పిపోయినందువల్లనే, నన్ను వెతకబోయి నా తండ్రి క్వారీ గుంతలో పడెను.'

… …

ఎవరు చెప్పినారు నీకు ఇట్లా?

… ఎవరూ చెప్పలేదు. నువ్వే విన్నావు. నాకు చెప్పకుండా మీ అత్త ఇంటికి పారిపోయినావు, ఆడ ఉంటే ఊరంతా మంచులో నీ పేరు పెట్టి అరుస్తా ఉన్నారు. కొడతానని భయపడి మీ అత్తకూ కనపడకుండా రాగుల గాదె వెనకాల దాక్కొని ఉండావు. బయటికి వచ్చేసరికి నాయనను మంచం మీద మోసుకొని వస్తా ఉండారు.

ఏడేండ్లు నీకు అప్పుడు. ఇప్పుడు పద్దెనిమిది. … ఇన్నేండ్లు ఇది లోపల పెట్టుకొని, నా ఎదురుగానే అన్నం తిని, బడికి పోయి, వచ్చి పడుకుంటా ఉండావా? ఒక్క మాట అడగచ్చు కదా.

… నిజమే. నేనూ చెప్పలేదు.

విను. నువ్వు తప్పిపోలేదు. నువ్వు అత్త ఇంటికి పరిగెత్తేది నేను చూసినాను. వాకిలి ఊడుస్తా ఉండాను. పరకతో బెదిరించాలనుకొని, పోనీలే అని ఊరికే ఉండిపోయినాను. నిన్ను ఎవురూ వెతకాల్సిన పనే లేదు.

ఆ పొద్దు తెల్లవారుతూనే మీ నాయన గొర్లు తోలుకొని అడవి పక్కకు పోయినాడు. మన జవళగిరి మంచు నీకు తెలుసు కదా, చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. ఎనిమిది అయింది. గొర్లు వచ్చినాయి, ఆయన రాలేదు. నేను పిలుస్తా పోయినాను.

… ఏమని పిలుస్తాను? అందరూ ఎట్ల పిలుస్తారో అట్లనే. "సింధు నాయనా" అని.

… ఆ. అంతే. మంచులో 'నాయనా' నాతోనే నిలిచిపోయింది. ఊరిదాకా పోయింది నీ పేరు ఒక్కటే.

పక్కింటి మురుగన్ విన్నాడు. పాప తప్పిపోయిందని అందరినీ లేపినాడు. వాళ్లందరూ సింధూ, సింధూ అని చెరువు గట్టున, గడ్డివాముల సందున, బస్ స్టాపు బెంచీ కింద వెతికినారు. ఏడేండ్ల పిల్ల యాడుంటుందో ఆడంతా చూసినారు. క్వారీ పక్కకు ఎవురూ రాలేదు. నేను ముందు పోతా ఉండాను, వాళ్లు వెనకాల ఉండారు, ఒకరికొకరు కనపడలేదు. గంట అయినాక మురుగన్ ఎదురుపడి, "పాప దొరికిందామ్మా?" అన్నాడు. "ఏ పాప?" అన్నాను నేను.

… నాలుగు రోజులు హోసూరు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ గంట ఆలస్యానికీ ఆయన పోయినదానికీ సంబంధం లేదమ్మా అని డాక్టరు చెప్పినాడు. రెండు తూర్లు చెప్పినాడు. నేనూ రెండు తూర్లు విన్నాను.

మీ నాయనా? వినపడిందంట ఆయనకు, గుంతలో ఉన్నప్పుడు. మూడో రోజు చెప్పినాడు: "నువ్వు నన్నే పిలుస్తా ఉండావని నాకు తెలుసు, ఊరికి తెలీలే." పెండ్లయినాక ఆయన ఆడిన పొడుగు మాట అదొక్కటే.

… పేరు పెట్టి ఏంటికి పిలవలేదు అంటే? … సింధూ, మా అమ్మ పిలవలేదు, మా అత్త పిలవలేదు. మొగుని పేరు పెండ్లాము నోట వస్తే ఆయనకు ఆయుస్సు తగ్గుతుందని చెప్పి పెంచినారు. ఆస్పత్రిలో పేరు రాసుకునే ఆయమ్మ అడిగితే మీ అత్తను ముందుకు తోసినాను. నీ ఒకటో తరగతి పుస్తకంలో బొమ్మ చూపించి ఇదేమమ్మా అంటివి. జట్కా లాగేది అన్నాను. ఆ జంతువు ఆయన పేరులో ఉండాది కదా. ఆయుస్సు తగ్గకూడదనే, తల్లీ, అంతా.

… ఏడువు. మీ అత్త పక్కన ఉండాదా? … సరి, ఏడువు. నేను ఉండాను లైనులో.

…

…

అయిందా. ముక్కు తుడుచుకో.

రేపు ఏం రాస్తావు? … ఇది రాస్తే సారు లెక్క కుదరదా. కన్నీళ్లు యాడ పెట్టాలో తెలీదా. నాకూ తెలీదు. పద్యం మాత్రం వద్దు. 'గొర్లు వచ్చినాయి, ఆయన రాలేదు' — ఆడ మొదలు పెట్టు. పేరా ఎంత పొడుగైతే అంత కానీ, కోయవద్దు.

మార్కులు రాకపోయినా పరవాలేదని నేను చెప్పను. రావాలి. నువ్వు ఈ షెడ్డుకు రాకూడదు. కానీ చంద్రు ఆవు మూడో పేరాలో చస్తుంది, మిగతా వాళ్ల అమ్మలూ మూడో పేరాలోనే చస్తారు. దిద్దే ఆయనా మనిషే కదా. నలభై మందిని పూడ్చి అలిసిపోయి ఉంటాడు. నీ దాంట్లో నన్ను ఉండనీ. ఆయనను పోనీ… ఎట్ల పోయినాడో అట్లనే పోనీ.

… ఏమి? … నీకు తెలీదా? హాల్ టికెట్టులో తండ్రి పేరని అచ్చేసి ఉండాది కదా, చూసి రాయి.

… నా నోట వినాలా? ఏంటికి?

…

…

అట్లనా. మంచు అంటేనే చెవిలో నీ పేరే మోగుతా ఉండాదా. నా గొంతుతోనే.

… లేదు, కాదని చెప్పలేదు. నలభై ఒక్క యేండ్ల నోరు కదా, తిరగదు. ఉండు. తగ్గేదానికి ఆయుస్సు కూడా లేదు ఇప్పుడు, భయమేమి… అది కాదు, సిగ్గు. గోపీనాథ్ సారు ఈ పక్కకే చూస్తా ఉండాడు. అముద కూడా వాకిట్లోకి వచ్చింది. చూడనీ.

మెల్లగా చెప్తే చాలునా? … చాలదా. పిలిచినట్లే కావాలా.

సరి. ఫోను కొంచెం చెవికి దూరంగా పెట్టుకో.

… …

ఓ… గుర్రప్పా…