కిటికీ కింది టబ్బు

అమరచింతలో ఒక ఇల్లు. మే నెల. గదిలో గీత, ఆమె భర్త శివశంకర్, మధ్యన ఒక పాత కంప్యూటరు.

"ఏమన్నవ్?"

"బంజెయ్యి అన్న!"

"ఏందీ?"

"ఆ కంప్యూటరు బంజెయ్యి అంటున్నా! పక్కన నిలబడి ఒర్రినా ఇనొస్తలేదు నీకు."

"ఇగో, బంజేసిన. ఇగ చెప్పు గీతా."

"ఏం చెప్పాలె? మల్ల వాపస్ పంపిండ్రు. హైదరాబాద్ ఆడియో పుస్తకాల కంపెనోళ్లు ఏం రాసిండ్రో ఇను. 'మేడమ్, కథ చాలా బాగా చదివారు. కానీ వెనకాల పిండి గిర్ని ఎందుకు నడుస్తోంది?'"

"మరి నువ్వేమన్నవ్?"

"గిర్ని కాదు సార్, మా ఆయన తెచ్చిన కంప్యూటరు అన్న."

"నా పేరెందుకు తీసినవ్?"

"తియ్యనా మరి? ఆ గద్వాల రాఘవేందర్ పెండ్లి వీడియోలు చేసి చేసి, అది అరిగినంక తెచ్చి నీకు అంటగట్టిండు."

"గట్లనకు. మస్తు తాకత్ ఉన్న కంప్యూటరు."

"తాకత్ నాకెందుకు, నోరు మూసుకోని పనిచేస్తే సాలు. శుక్రవారం ఐదింటి లోపల సప్పుడు లేని రికార్డు పంపకుంటే పుస్తకం వేరేటోళ్లకు ఇస్తరంట. నా గొంతుతోని మొదటి పుస్తకమయ్యా. పోతే నాకు ఏడుపొస్తది, ముందే చెప్తున్న."

"ఫ్యాన్లు పీకేస్తే?"

"పీకినవ్ గద మొన్న. నాలుగు నిమిషాలకు ఉడికి బందయింది."

"బాత్రూంల కూసోని సదివితే?"

"సదివిన. బాయిల పడ్డ మనిషి మొత్తుకున్నట్టుంది అన్నరు."

"అయితే ఇగ నీళ్లే దిక్కు."

"నీళ్లేంది?"

"ఇను. చిప్పు మీద రాగి బిళ్ల కూసుంటది. బిళ్లలకెళ్లి నీళ్లు పోతయ్. ఉడుకంత గుంజుకోని బయటికి పోతయ్, బయట సల్లారి మల్ల లోపలికొస్తయ్. లోపల ఒక్క ఫ్యాను కూడ ఉండదు. బిళ్ల రాఘవేందర్ ఇస్త అన్నడు."

"కంప్యూటర్ల నీళ్లు పోస్తవా?"

"పొయ్య. పైపులల్ల తిప్పుత. పదేండ్ల సంది చేన్లల్ల డ్రిప్పు పైపులు ఏస్తున్న నేను. నాకు నేర్పుతవా?"

"నువ్వు ఏసేటియి చెట్టు చెట్టుకు కారాలని ఏస్తవ్! కారకుండ ఎన్నడన్న ఏసినవా?"

"ఆలోచిస్తున్న."

"నువ్వు ఆలోచించేది వద్దు. రెడీమేడ్‌ది తెప్పియ్యరాదు?"

"చూసిన. బయట పెట్టుకునేదే, మంచిగుంది. గని రావాలంటే పన్నెండు దినాలు. దానికి మల్ల నాలుగు ఫ్యాన్లున్నయ్."

"అయితే అదీ గిర్నే."

"మన చిన్నయ్య షెడ్డుల ట్రాక్టర్ రేడియేటర్ పడున్నది. కిటికి తీసి, ఆ సందుల నిలబెడితే..."

"కిటికి తీస్తే రోడ్డు మీద ఆటోల సప్పుడు ఎవరు బంజేస్తరు? నువ్వు పోయి ఆటోలు ఆపుతవా?"

"అది కూడ నిజమే. పైన ట్యాంకుకు కలిపితే?"

"మే నెలల ఆ నీళ్లతోని స్నానమే చేస్తలేం, కాళ్లు కాలుతున్నయ్. కంప్యూటర్‌ని ఉడకబెట్టి తింటవా?"

"మట్టి రంజన్ల నీళ్లు సల్లగుంటయ్ గద..."

"తాగే నీళ్లు! రంజన్ మీద చెయ్యెయ్యి, అత్తమ్మ ఏం చేస్తదో చూడు."

"సరే, వద్దు. టబ్బు. బట్టలు నానేసే నీలం టబ్బు ఎనక కిటికి కింద నీడకు పెడ్త. కిటికి మూసుడే, సందులకెళ్లి రెండు పైపులు లోపలికొస్తయ్. టబ్బుల ఒక చిన్న పంపు. అంతే."

"గిది జర బుద్ధిమంతుని లెక్కుంది. పంపు సప్పుడు చెయ్యదా?"

"సప్పుడు చెయ్యంది పెడ్త."

"ఏడున్నది?"

"ఉన్నది."

"ఉన్నదంటే ఏడ?"

"ఇంట్లనే."

"మన ఇంట్ల పంపు ఏడిదయ్యా... ఓయ్. అత్తమ్మ కూలర్లదా?"

"మెల్లగ! అమ్మ పక్క గదిల ఉన్నది."

"ఎండలు గిట్ల కొడుతుంటే ముసలామె కూలర్ల పంపు తీస్తవా? నీకు మనసెట్లొచ్చింది?"

"బజార్లకెళ్లి రెండు పంపులు తెచ్చి నీళ్లల్ల పెట్టి చూసిన గీతా. ఒకటి గుర్రు పెడ్తది, ఒకటి దగ్గుతది. అమ్మది బ్యాటరీ కూలరు, దాని పంపు ఒక్కటే ఉన్నట్టు కూడ తెల్వదు."

"ఆమెకు ఏం చెప్తవ్?"

"కాలిపోయింది, బాగు చేయనీకె ఇచ్చిన అని చెప్త. శుక్రవారం దాటంగనే మల్ల పెట్టేస్త."

"అబద్ధం."

"మరి వద్దా?"

"శుక్రవారం దాటంగనే పెట్టాలె."

"ఒట్టు."

"అయితే జల్ది కంప్యూటరు ఆన్ చెయ్యి. గిట్లాంటియి సప్పుడుల మాట్లాడుకోవాలె, నువ్వేమో బంజేసి కూసున్నవ్."

శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. అదే గది.

"ఇంకొకపారి ఇను."

"ఇన్న. కంప్యూటరు సప్పుడు లేదు."

"కంప్యూటరు సప్పుడు లేదు, నీకు దండం పెడ్త. మూడు దినాల సంది ఆన్ ఉన్నదో లేదో చెయ్యి పెట్టి చూడాల్సొస్తుంది. ఒక్క చుక్క కారలే. నువ్వు గింత పనిమంతుడివని తెల్వక నిన్ను ఎన్నో అన్న. గని ఈ రికార్డుల ఇను, కథల రాణి తలుపు తీసిన కాడ."

"...తపక్."

"ఇన్నవా?"

"తపక్ తపక్ అంటుంది."

"ఐదింటికి పంపాలె! ఏందది?"

"పంపు గాలి గుంజుతుందేమో. నీళ్లు తగ్గితే గట్ల అంటది."

"తగ్గినయా?"

"దినాం నిండ పోస్త. పొద్దుగూకాల చూస్తే రెండు చెంబులు తక్కువుంటయ్, చుట్టు తడి తడి."

"అయితే టబ్బు కారుతుంది! నీ అలవాటు టబ్బుకు కూడ అంటింది."

"టబ్బు కారితే రెండు చెంబులతోని ఆగుతదా? ఎండకు పోతుండొచ్చు."

"ఎండకు పోతే తడి ఎందుకుంటది?"

"కప్పేమో."

"మే నెలల కప్ప ఏడికెళ్లొస్తది, అమ్మగారింటికెళ్లా? పోయి చూడరాదు?"

"ఎట్ల పోవాలె? కిటికి తీస్తే పైపులు ఊడుతయ్, ఎనకకు పోతే పక్కింటి ఎస్తేరత్త వాకిలి ముంగల్నుంచే పోవాలె. అమ్మ మూడు దినాల సంది ఆ వాకిట్లనే ఉంటుంది. పగటిపూట నేను టబ్బు కాడ కనిపిస్తే, ఏముందిరా టబ్బుల అంటది."

"ఇప్పటిదాక అడగలేదా?"

"అడిగింది. బట్టలు నానేసినం అన్న."

"మూడు దినాలా?"

"జీన్సులు అని చెప్పిన."

"ఛీ! నాకు అన్నం సయిస్తలేదయ్యా. కూలరు లేక పాపం పక్కింట్ల పడి ఉంటుంది ఆమె. ఆ గుర్రు పెట్టే పంపన్న పెట్టియ్యకపోతివి."

"పెడ్తనమ్మా అన్న. 'మీ నాయిన గుర్రుతోని ముప్పై యేండ్లు ఏగిన, ఇంక కొత్త గుర్రు నాకొద్దు' అన్నది. నవ్వుకుంట పోయింది."

"నవ్వుకుంటనా? అదే నాకు సమజైతలేదు. గులుగుతలేదు, గునుస్తలేదు. దినాం లేస్తే మోకాళ్లు మోకాళ్లు అనేది, దవాఖానకు తోల్కపో అనేది. మూడు దినాల సంది మోకాళ్ల మాటే లేదు."

"ఎస్తేరత్త ఏదన్న నూనె రాస్తుండొచ్చు. మంచిదే గద."

"నువ్వు ఊకో. ఇది పంపినంక నేనే పోయి ఆమె చేతులు పట్టుకోని తప్పయింది అంట. నా పుస్తకం కోసరం ఆమెను ఎండల ఏసిన. నాకు మస్తు బాధైతుంది."

"నా పేరు చెప్పకు."

"నీ పేరే ముందు చెప్త. ఓయ్, ఉండు ఉండు. తపక్ అన్నంక ఇంకోటి ఉన్నది. ఇను."

"ఏం లేదు."

"సక్కగ ఇను. 'అబ్బా' అంటుంది."

"నీళ్లు అబ్బా అంటయా?"

"బాధతోని కాదు. సుకంగ అన్నట్టుంది. అబ్బాఆ అని."

"నీ కథల రాణి అన్నదేమో."

"రాణి ఆడ ఏడుస్తుంది! అబ్బా అననీకె ఆమెకు ఏం సుకముంది? మొగుడు యుద్ధానికి పోయిండు."

"ఇగో, పెండ్లి అయిపోయింది."

"ఏ పెండ్లి?"

"రాఘవేందర్‌ది. కాదు కాదు, ఆయన తీసిన వీడియోది. ఎంత ఉడుకుతదో పరీక్ష చేద్దామని మూడు దినాల సంది ఆయన పెండ్లి వీడియోలన్ని దీంట్లనే చేయిస్తున్న గద. కంప్యూటరు ఉడికే పని అంటే అదే. నాలుగు పెండ్లిళ్లయినయ్. టబ్బుల నీళ్లు గోరెచ్చగయినయ్, అంతే. ఇప్పుడు దానికి ఏ పని లేదు, నీళ్లు సల్లారుతయ్. ఆ తపక్ కూడ బందయితదేమో, మల్ల మొదలుపెట్టు."

"బందయితదా?"

"నాకు తెల్వదు గని, మొదలుపెట్టు. మూడున్నరైంది."

"నువ్వు ఊపిరి కూడ తియ్యకు."

"తియ్య."

"మాట్లాడకు."

"మాట్లాడ."

"మాట్లాడుతున్నవ్! ...'రాణి మెల్లగా తలుపు తీసింది. బయట ఎవ్వరూ లేరు. గాలి కూడా కదలడం లేదు. ఇంతటి నిశ్శబ్దాన్ని ఆమె జన్మలో ఎరగదు. ఆ నిశ్శబ్దంలో...'"

"మల్ల తపక్ అన్నది!"

"నాకూ ఇనొచ్చింది. కిటికి కిందనే ఉన్నదయ్యా. ఓయ్, ఎవరది? ఎవరన్న ఉన్నరా ఆడ?"

"నేనే రా శివా, లొల్లి చెయ్యకు! పంపు సంగతి మీరు మాట్లాడుకున్న దినమే గోడవతల అంత ఇన్న. గీతా, నువ్వు సదువు బిడ్డా, రాణి ఏమైందో నాక్కూడ కావాలె, ఇగ నేను టబ్బుల కాళ్లు కదిలియ్య. శివా, మోకాళ్లకు మస్తు సుకంగుండె, అప్పుడే సల్లారుతున్నయ్ నీళ్లు. జర ఇంకో పెండ్లి పెట్టురా."