ఆముదం రాసిన పెసలు

అమెరికాలో మోరిస్‌విల్, 2012 జూన్, శనివారం పొద్దున. నానిన పెసల్లో నీళ్లు వంపుతూ పద్మ; ఎదురుగా, యూనివర్సిటీలో పురుగుల మీద ఎమ్మెస్ చేస్తున్న ఆమె అక్క కూతురు దేదీప్య.

"ముందు ఒక అట్టు తిను, తర్వాత మాట్లాడుకుందాం అంటే వినవేం?"

"తింటాను పిన్నీ. అడిగినదానికి చెప్పు. జనవరిలో నాకో డబ్బాడు పెసలు ఇచ్చావు, గుర్తుందా?"

"ఇచ్చే ఉంటాను. నువ్వు రావడం, నేను డబ్బాలు కట్టివ్వడం ఎప్పుడూ ఉన్నదేగా. మాగాయ కూడా ఇచ్చాను. అయిపోయిందా?"

"మాగాయ సంగతి కాదు. ఆ పెసలకి ఏమైనా రాశావా?"

"పెసలకి రాసేదేముంటుందే?"

"ఏదైనా. నూనె లాంటిది."

"ఏం, పురుగు పట్టిందా? నా డబ్బాలో పురుగు పట్టడమా. కాపురానికొచ్చిన పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడు పట్టలేదు. కావాలంటే మీ సత్యం బాబాయిని అడుగు."

"పట్టలేదు పిన్నీ. పట్టకపోవడమే గొడవ."

"అదేం మాట?"

"నేను ల్యాబ్‌లో ఏం చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదా."

"పురుగులన్నావు. మీ అమ్మతో మాత్రం బయాలజీ అని చెప్పమన్నావు. నేనలాగే చెప్పాను."

"పెసల్లో పట్టే పెంకు పురుగులు. వాటినే పెంచుతాం."

"దేశం కాని దేశం వచ్చి పుచ్చు పెసలు పెంచుతున్నావా. మా అత్తగారుంటే నిన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. సరే, చెప్పు."

"ఆడ పురుగు గింజ మీద గుడ్డు అంటిస్తుంది. పిల్ల అందులోంచి గింజలోకి తొలుచుకుపోతుంది. రెక్కలొచ్చి బయటికి వచ్చాక వాటికి తిండీ ఉండదు, నీళ్లూ ఉండవు. మగది కలిసినప్పుడు దాని ఒంట్లో నీరు కొంత ఆడదానికి వెళ్తుంది. గాలి పొడిగా ఉంటే, ఆ నీటి కోసమే ఆడది మళ్లీ మళ్లీ మగవాటిని దగ్గరికి రానిస్తుంది."

"మంచినీళ్ల కోసమా."

"మంచినీళ్ల కోసమే."

"పాపం. ఆ మగవాళ్లే నయం. మీ బాబాయి సోఫాలోంచి లేవకుండా నన్నే తెమ్మంటారు. ఊఁ, తర్వాత?"

"ఎండలు ముదిరితే వీటి సంసారం ఏమవుతుంది అనేది మా ప్రొఫెసర్ ప్రశ్న. వేడి పెట్టెలో పెరిగిన మగదాంట్లో సత్తువ తగ్గుతుంది, అది ఇచ్చే నీరూ తగ్గుతుంది. ఆ సంగతి ఆడదానికి తెలుస్తుందా? తెలిస్తే తన్ని తరిమేస్తుందా? లేకపోతే కలిసినా గుడ్లు పెట్టకుండా దాచుకుని, ఇంకా మంచి మగది వస్తుందేమోనని చూస్తుందా? అదీ."

"దానికీ నా పెసలకీ ఏమిటి సంబంధం?"

"చల్లటి పెట్టెలోని మగవాటితో కలిసిన ఆడవాటికి, గుడ్లు పెట్టడానికి ల్యాబ్ పెసలు వేశాను. వేడి పెట్టె వాటి వంతు వచ్చేసరికి ల్యాబ్‌లో పెసలు అయిపోయాయి. ఆర్డర్ పెడితే రెండు వారాలన్నారు. ఆ పురుగు బతికేదే పది రోజులు."

"అందుకని నావి వేశావు."

"వేశాను."

"మంచిదేగా. గింజ గింజా ఏరి పోశాను ఆ డబ్బా."

"చల్లటి వాటిలో ఒక్కొక్కటీ డెబ్బై, ఎనభై గుడ్లు పెట్టింది. వేడి వాటిలో పన్నెండు, పదిహేను. కొన్నైతే అసలు పెట్టనే లేదు. ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎండ దెబ్బ తిన్న మగవాడి పిల్లలు నాకొద్దని ఆడది తేల్చి చెబుతోంది, ఇంత స్పష్టంగా ఎవరికీ కనబడలేదు అన్నాడు. ల్యాబంతటికీ డోనట్లు తెప్పించాడు. నా పేరు ముందు పెట్టి పేపర్ పంపాడు. ఆగస్టులో కాన్ఫరెన్స్‌లో నేనే మాట్లాడాలి."

"మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గొంతు వింటే నీకు పెళ్లి కుదిరినంత సంబరం."

"అమ్మ ఊరందరికీ చెప్పింది. అందుకే ఇంకా..."

"ఇంకా ఏమిటి? అంత మంచి కబురు పెట్టుకుని ఈ మొహం ఏమిటి? మూడు రోజుల్నించీ తిన్నట్టు లేవు."

"రష్మి అని మా ల్యాబ్‌లో ఇంకో అమ్మాయి ఉంది. వరంగల్. మాకు ఇద్దరికీ ఒకటే రూమ్."

"తెలుసు. దీపావళికి తీసుకొచ్చావుగా. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. అన్నం కూడా అడిగి పెట్టించుకోదు."

"తనే. అదే పని తననీ ఒకసారి చెయ్యమన్నాడు ప్రొఫెసర్, ఇద్దరికీ ఒకటే వస్తే పేపర్‌కి బలమని. తను ల్యాబ్ పెసల మీద చేసింది. తేడా పెద్దగా రాలేదు పిన్నీ. వేడి వాటిలో ఓ పది గుడ్లు తగ్గాయి, అంతే. నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ అంతే."

"అంటే?"

"అంటే ఇద్దరిలో ఒకరు తప్పు. తప్పు రష్మిదే అన్నాడు ప్రొఫెసర్. అందరి ముందూ అన్నాడు. నీకు చేతి పని రాదు, పెట్టె వేడి సరిగ్గా చూసుకోలేదు, నాలుగు నెలలు పాడు చేశావు అన్నాడు. తను నా వైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని."

"ఏమన్నావు?"

"గుడ్లు లెక్కపెడుతున్నట్టు మైక్రోస్కోప్‌లో తల పెట్టుకున్నాను. దాని కింద ఏమీ లేదు."

"అయ్యో."

"సోమవారం తనని ప్రాజెక్ట్‌లోంచి తీసేస్తున్నాడు. అసిస్టెంట్‌షిప్ పోతే చదువు సాగదు, చదువు ఆగితే ఎఫ్-వన్ వీసా ఉండదు. రాత్రి సూట్‌కేస్ మంచం మీద పెట్టుకుని బట్టలు మడత పెడుతోంది. నన్ను అడిగింది, దేదీ, నేనెక్కడ తప్పు చేశానో నువ్వైనా చెప్పు, నేర్చుకుంటాను అని."

"బట్టలు సర్దేస్తోందా!"

"ఆముదం రాశావా పిన్నీ?"

"ఎప్పటి మాటో... అందరూ రాసేదేగా. మా అమ్మ రాసేది, అక్కా నేనూ పక్కన కూర్చుని చేసేవాళ్లం. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని గింజలకి పట్టించి, కాసేపు ఎండలో పెడితే ఏడాదైనా పురుగు రాదు. వండేటప్పుడు కడిగితే పోతుంది."

"రాశావు."

"రాశాను. ఇందాక లేదన్నట్టు మాట్లాడాను కదూ. నువ్వు ఆ మొహం పెట్టుకుని అడిగేసరికి ఏదో ముంచుకొచ్చిందని భయమేసింది. అదీకాక సిగ్గేసింది. మొన్న పక్కింటి తెల్లావిడ ఆముదం సీసా చూసి ఎందుకని అడిగితే జుట్టుకని చెప్పాను. పప్పులకి రాస్తామంటే ఏమనుకుంటుందో అని."

"ఆముదం ఉంటే గుడ్డు అంటుకోదు. అంటుకున్నా లోపల పిల్లకి గాలాడక చచ్చిపోతుంది. ఆ ఆడ పురుగులు ఎవరినీ ఎంచుకోలేదు, ఏ మగవాణ్ణీ కాదనలేదు. కాళ్లకి జిడ్డు తగిలి వెనక్కి తిరిగాయి, అంతే."

"అంతా నా చేతుల మీదే జరిగిందన్నమాట. చదువుకునే పిల్లకి ఇస్తున్నాను, ఒక్క మాట చెప్పి ఇవ్వాలని తోచలేదు చూడు. మీ ప్రొఫెసర్‌తో నేను మాట్లాడనా? నా ఇంగ్లీష్ చాలకపోతే బాబాయి పక్కన ఉంటారు."

"మాట్లాడక్కర్లేదు. ఈమెయిల్ చాలు. నేను ల్యాప్‌టాప్‌లో టైప్ చేసి తెచ్చాను."

"తెచ్చేశావా?"

"నీ అకౌంట్ నుంచి వెళ్లాలి. ఆముదం రాశానని, ఆ మాట నాకు చెప్పలేదని ఉంది. తెలియక జరిగిందంటే ఆయన ఏమీ అనడు. పేపర్ వెనక్కి తీసుకుంటాడు. రష్మి ఉండిపోతుంది, నేనూ ఉంటాను."

"ఇటివ్వు. ఎక్కడ నొక్కాలి, ఇక్కడేనా? ఆగు, మా దేదీప్య చాలా బుద్ధిమంతురాలు, దానికేమీ తెలియదు అని కూడా పెట్టు. గట్టిగా పెట్టు."

"పిన్నీ..."

"ఆ పిల్లని రేపు భోజనానికి తీసుకురా. నా తప్పేనమ్మా, నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా అని నా నోటితో చెప్పుకుంటాను. నా ఇంట్లో అన్నం తిన్న పిల్ల నా మూలాన పెట్టె సర్దుకోవడమా. తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతోంది. అయిందా, ఇంక నొక్కేయనా?"

"నొక్కకు."

"ఏం, ఇంకా ఏమైనా చేర్చాలా?"

"నొక్కకు పిన్నీ. కంప్యూటర్ ఇటివ్వు."

"నేను సిగ్గుపడతాననా? పడనీ. పడాల్సిన పనే చేశాను."

"నువ్వు చెయ్యలేదు. డబ్బా మూత తియ్యగానే నాకు ఆముదం వాసన తెలిసింది, ఇంట్లో అమ్మా రాస్తుందిగా. గింజ గింజా టిష్యూతో తుడిచి మరీ వేశాను."