ఇరుపక్షాల వాదనా నేనే చేశాను

సూర్యాపేట, 1949 అక్టోబరు 14. మేజిస్ట్రేటు గారి ఎదుట.

నా పేరు గోపాల్. తండ్రి దుర్గయ్య. వయసు ఇరవై రెండు. ఊరు చివ్వెంల. హైదరాబాదులో లా రెండో ఏడు చదువుతున్నాను. వృత్తి దగ్గర గుమాస్తా గారు వకీలు అని రాయబోతే నేనే ఆపాను. ఇంకా కాలేదు.

సెలవుల్లో ఎవరైనా వకీలు దగ్గర పని నేర్చుకోవాలని మా కాలేజీ నియమం. నేను ఇక్కడి రామనర్సయ్య వకీలు గారి దగ్గర చేరాను. మొన్న సోమవారం వారికి జ్వరం వచ్చింది. వాయిదా అడిగి రమ్మని నన్ను మున్సిఫు కోర్టుకు పంపారు. అది వారు మునగాల సుక్కమ్మ తరఫున చూస్తున్న గొర్రెల కేసు. తప్పిపోయిన ఆమె గొర్రెలు పెద్దులు అనే అతని మందలో కనిపించాయి. కోదాడ అంగడిలో కొన్నానని పెద్దులు అంటున్నాడు. అతనికి వకీలు లేడు.

మున్సిఫు గారు వాయిదా ఇవ్వలేదు. "నీకు తెలిసింది చెప్పవయ్యా" అన్నారు. అసలు కోర్టులో నన్ను మాట్లాడమన్నారు! సంతోషం పట్టలేకపోయాను. సుక్కమ్మ తరఫున గడగడా చెప్పేశాను.

వెనక జనం గోల చేస్తుంటే మున్సిఫు గారు బల్ల మీద తట్టారు. పొరపాటు అక్కడే జరిగింది. మా కాలేజీలో శుక్రవారం శుక్రవారం ఉత్తుత్తి కోర్టు పెడతారు. సారు బల్ల తట్టగానే, అప్పటిదాకా వాదించినవాడు ఎదుటి పక్షం తరఫున వాదించాలి. ఆ చప్పుడు చెవిన పడగానే నేను అటు తిరిగాను. "పెద్దులు దొంగ కాడు. కోతకొచ్చిన జొన్న చేను మేస్తే ఎవరి కడుపు మండదు? నష్టం తేలేదాకా గొర్రెలను పట్టి ఉంచడం దొంగతనమా?" అన్నాను. చేను సంగతి నాకు నిజంగా తెలియదు. ఊహించి అన్నాను.

పెద్దులు ఎగిరి లేచాడు.

"గదే సర్కార్! నా చేనంత మేసినయి. సుక్కమ్మ గొర్రెలని తెల్సే పట్టుకున్న!"

కోర్టంతా నవ్వింది. గొర్రెలను సుక్కమ్మకు ఇప్పించారు. చేను నష్టం వేరే కేసుగా చూస్తామన్నారు. సుక్కమ్మ నా తల నిమిరి, "సల్లగుండు బిడ్డా. గని వాని దిక్కెందుకు మాట్లాడినవ్?" అంది.

ఇప్పుడు పెద్దులు, నేను తన వకీలునై తననే ముంచానని ఫిర్యాదు చేశాడు. రుజువైతే వకీలుగా పని చేసేందుకు ఇచ్చే సనదు నాకు ఎన్నటికీ రాదు. నేను ఎవరి వకీలునూ కాను. ఎవరినీ ముంచాలనుకోలేదు. కానీ ఆ రోజు కలిగినంత ఆనందం నాకు ఈ రెండేళ్ల చదువులో ఎన్నడూ కలగలేదు. అది దాచను.

ఇంకొక్క మాట రాసుకోండి. ఈ ఉదయం ఈ గది బయటే పెద్దులు నన్ను పక్కకు పిలిచాడు. "నీకు సనదు ఎప్పుడొస్తది? నా చేను కేసు నువ్వే సూడాలె. నా దిక్కు నీ లెక్క ఎవ్వలు మాట్లాడలె" అన్నాడు.

నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నదంతా నేను చెప్పిందే, జరిగిందే.

(సంతకం) గోపాల్, లా విద్యార్థి