గాడిలో గింజ

ఏటి లక్ష్మీకాంతూ, మొకం అలగెట్టుకున్నావు? నీ ఇంజనుకి స్లీవులెయ్యకముందే డబ్బులు కట్టమన్నాడా లేతోడు? ఇప్పుడందరూ అంతే నాయినా. కూకో, టీ సెప్పినాను. బడా బజార్లో నా సామాన్ల కొట్టు ఉండీది కదా, దాని పక్క గోడే కూర్మారావు లేతు షెడ్డు. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోనాడు. ఇంజను తిరిగినాకే మజూరీ తీసుకునీవోడు ఆడు. ఇలగైతే నీ పెళ్ళాం పిల్లలు లేతులో రాలీ ఇనప రజను తింతారేటిరా అని నాను తిట్టీవోణ్ణి. నవ్వీసి ఊరుకునీవోడు. దిగపహండి ట్రాక్టర్లు, గోపాలపూర్ బోటింజన్లు, అన్నీ ఆడి గుమ్మంలోనే. ఆఖరికి బోటోళ్ళు ఆ గుమ్మం తొక్కడం మానీసినారు. ఎందుకంటావా, అదే సెప్తన్నాను, తొందరేటి.

గోపాలపూర్లో కొండబాబని ఒకడికి బోటుండీది. పెళ్ళాం దేముడమ్మ. ఆళ్ళ మొదటి బోటు సంద్రంలో పోనాది, అందులో కొండబాబు తమ్ముడూ పోనాడు. ఆ పొద్దు బోటుకి బొట్టెట్టి సాగనంపింది దేముడమ్మే. మరింక అత్త ఊరుకుంటాదా? "దీని సెయ్యి మంచిది కాదు, దీని సేత్తో ఏదీ ముట్టనీకండి" అని ఈదంతా ఇనిపించీది. మళ్ళీ ఏదైనా అయితే దేముడమ్మని ఇంట్లోంచి గెంటీడానికి కాసుక్కూకుంది ముసల్ది. ఆ పిల్లకి పుట్టిల్లా, దిక్కా.

రెండో బోటింజను అరిగిపోతే దాని బ్లాకు, అదే ఆ ఇనప దిమ్మ, కూర్మారావు దగ్గరికి తెచ్చినారు. స్లీవంటే తెలుసు కదా, అరిగిన గొట్టంలో కొత్త గొట్టం దిగ్గొడతారు. దాని పైన అంచుంటాది, ఆ అంచు బ్లాకు గాడిలో సరీగ్గా కూకోవాలి. గాడిలో ఇంత నలక ఉన్నా పనికిరాదు. కూర్మారావు పెట్రోలు గుడ్డతో తుడిసి, సిటికినేలు గాడి సుట్టూ తిప్పి, అప్పుడు దింపీవోడు. ఆ రోజు మూడు దింపీసి నాలుగోది పట్టుకున్నాడో నేదో, ఆళ్ళతో కూడా ఒచ్చిన దేముడమ్మ, అత్త సూడకుండా, కొంగులోంచి పసుపక్షింతలు తీసి బ్లాకు మీద జల్లీసింది. ఆడేటంటాడు? దణ్ణం ఎట్టుకున్న మనిసిని కసురుతాడా? గుడ్డ ఇంకోపాలి తిప్పీసి గొట్టం దింపీసినాడు. పైన అంతా సమంగా గ్రైండింగ్ పట్టీసినాడు. సాయంత్రం ఆళ్ళు ఎత్తుకెల్లిపోనారు.

నాలుగు రోజులు పోయినాక, పొద్దున్నే నాను కొట్టు తలుపు తీస్తంటే కూర్మారావొచ్చి నా సెయ్యట్టుకున్నాడు. సెయ్యి సల్లగా ఉంది నాయినా, ఇప్పటికీ తెలుస్తంది. ఆ పెట్రోలు గుడ్డ మడతలో పసుపక్షింత గింజ ఒకటి దొరికిందట. సగం గింజ. "మిగతా సగం ఏదిరా?" అంటాడు. కిందడిపోయుంటాదిలే అన్నాను. "గాడిలో ఉంటేనో? కాలి బొగ్గయిపోద్ది, గొట్టం అంచు దిగి సందడిపోద్ది, ఇంజను ఉడికిపోయి నడిసంద్రంలో ఆగిపోద్ది" అన్నాడు. పైన గ్రైండింగ్ పట్టీసినాడు కదా, గొట్టం పీకితే గానీ తెలీదు. బస్సెక్కి గోపాలపూర్ పరిగెత్తినాం. బోటేసుకుని కొండబాబు తెల్లారకముందే ఎల్లిపోనాడు.

ఆ రోజే ఆకాశం సిత్తరంగా ఉంది. గాలి ఉడుకుడుకుగా ఒచ్చీది, అంతలో సల్లగా అయిపోయీది. ఇంజను బిగించిన ఒడియా మేస్తిరీ గట్టుమీదే ఉన్నాడు, "కిచ్ఛి హెబొని, ఏటీ అవ్వదులే" అంటాడు. మద్దేనానికి మిగతా బోట్లన్నీ ఒచ్చీసినాయి, ఇదొక్కటే నేదు. దేముడమ్మ మా పక్కనే నిలబడింది. "ఇంజను మంచిదే కదా బావూ?" అంది. కూర్మారావు పక్కకి జరిగి ఇసకలో కూలబడిపోనాడు. అటేపు ముసల్ది మొదలెట్టీసింది, మళ్ళీ దీని సెయ్యే తగిలుంటాది, దీన్నింక గడప తొక్కనియ్యను అని. నాకైతే ఆ అలల్లో ఏది పైకి తేలినా బోటనే అనిపించీది. కూర్మారావు సంద్రంకేసి కూడా సూడ్డం మానీసినాడు, ఇసకలోకే సూసీవోడు.

పొద్దు గుంకుతుంటే ఒచ్చింది బోటు, ఆగుతూ ఆగుతూ, పొగలు కక్కుతూ. మనుసులందరూ ఉన్నారు. "ఇంజన్లో నీళ్ళు మరిగిపోతన్నాయి కూర్మారావూ" అన్నాడు కొండబాబు. ఆడు దిగీలోపే కూర్మారావు, "బ్లాకు తెచ్చీయ్, నాను గొట్టం పీకి సూడాలి" అన్నాడు.

మర్నాడు షెడ్డులో బ్లాకు తిరగేసి, నాలుగో గొట్టాన్ని కిందనుంచి తోసినాడు. సుట్టూ కొండబాబు, దేముడమ్మ, ముసల్ది, నాను. గొట్టం మెల్లిగా పైకొచ్చింది. గాడిలో నల్లగా ఒక గింజ ముక్క. ముసల్ది వొంగి, ఏటది, అక్షింతేనా అని అంటంది. కూర్మారావు దాన్ని గోటితో తీసి నోట్లో ఏసుకుని మింగీసినాడు.

"మసి అమ్మా. కొలత నానే తప్పినాను. అందరికీ సెప్పుకోండి, తప్పు నాదే" అన్నాడు.

కొండబాబు నానా తిట్లూ తిట్టినాడు. ముసల్దీ కోడల్నొదిలీసి ఆణ్ణే తిట్టింది, బోటోళ్ళందరికీ సెప్పుకొచ్చింది. దేముడమ్మకి మాత్రం తెలుసు, అది తన అక్షింతేనని. ఆవిడ సూసింది, గింజని. కొంగు నోట్లో కుక్కుకుని, ఆడి గొంతుకేసే సూస్తా నిలబడిపోనాది. ఆ పిల్ల మొకం...

ఊఁ. తాగు నాయినా, టీ సల్లారిపోతంది.